యెస్ ఎవరిది?

'జోజోస్ బిజార్ అడ్వెంచర్' యానిమే చూసినవాళ్ళకీ, అది చూడకపోయినా మీమ్స్ చూసినవాళ్ళకీ ఒక గిటార్ ముక్క బాగా తెలుసు. ఎవడో మెట్ల మీంచి పడబోతుంటాడు. సన్నగా గిటార్ మొదలవుతుంది. బేస్ అందుకోగానే బొమ్మ ఆగిపోయి, బాణం గుర్తు మీద 'టు బి కంటిన్యూడ్' అని వస్తుంది. ఆ పాట పేరు 'రౌండబౌట్'. వాయించిన బ్యాండ్ పేరు యెస్. 1971లో వచ్చిన 'ఫ్రాజైల్' ఆల్బమ్‌లో మొదటి పాట అది. నిడివి ఎనిమిదిన్నర నిమిషాలు. మీమ్ పుణ్యాన మనం విన్నది అందులో మొదటి కాస్త మాత్రమే.

ఈ బ్యాండ్ 1968లో లండన్‌లో పుట్టింది. జాన్ ఆండర్సన్ అనే గాయకుడు, క్రిస్ స్క్వైర్ అనే బేస్ గిటారిస్ట్ కలిసి మొదలుపెట్టారు. ప్రోగ్రెసివ్ రాక్ అని ఒక ధోరణి ఉంది. మూడు నిమిషాల పాట చాలదనుకుని, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచీ జాజ్ నుంచీ అప్పు తెచ్చుకుని, పాట మధ్యలో తాళం మార్చేస్తూ, ఒక్కోసారి ఎల్పీ రికార్డులో ఒక వైపంతా ఒకే పాటతో నింపేసే రకం. ఆ ధోరణికి పెద్ద దిక్కుల్లో యెస్ ఒకటి. 2023 నాటికి 23 స్టూడియో ఆల్బమ్‌లు తెచ్చింది. ఈ కాలంలో ఇరవై మంది దాకా సభ్యులు వచ్చారు, పోయారు. కొందరు మళ్ళీ వచ్చి మళ్ళీ పోయారు. ఇప్పుడు యెస్ పేరుతో స్టేజీ ఎక్కేవాళ్ళలో 1968 నాటి మనిషి ఒక్కరూ లేరు.

అందుకే ఫ్యాన్స్ మధ్య ఎప్పటికీ తెగని గొడవ ఒకటుంది: ఇది అసలు యెస్సేనా? ఆండర్సన్ గొంతు లేనిది యెస్ కాదనేది ఒక జట్టు. స్క్వైర్ బేస్ మోగినంత కాలమే యెస్ అనేది ఇంకో జట్టు. 1972 తర్వాత వచ్చిందంతా వేస్ట్ అని తేల్చేసే పెద్దమనుషులు వేరే. కాస్త ఫిలాసఫీ చదివినవాళ్ళయితే ఓడ కథ చెప్తారు. ఒక్కో పలకా మారుస్తూ పోతే చివరికి అది పాత ఓడేనా, కొత్త ఓడా అని.

ఆ పోలిక నాకు నచ్చదు. ఓడ పలకకి సొంత అభిప్రాయం ఉండదు, కీబోర్డ్ వాయించేవాడికి ఉంటుంది. కొత్త పలకని పాత పలక కొలతకి కోసి బిగించొచ్చు. మనిషిని అలా కోసి బిగిస్తే ఏమవుతుందో యెస్ చరిత్రలోనే కనిపిస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదీ: లైనప్‌లో ఎవరున్నారో లెక్కపెట్టి బ్యాండ్ అసలుదో నకిలీదో తేల్చలేం. కొత్తగా వచ్చినవాడిని తన సంగీతం తను తెచ్చుకోనిచ్చారా, లేక వెళ్ళిపోయినవాడి కుర్చీలో వెళ్ళిపోయినవాడిలాగే కూర్చోమన్నారా అన్నది చూడాలి.

మొదటి నుంచీ చూద్దాం. 1969, 1970లలో వచ్చిన మొదటి రెండు ఆల్బమ్‌లు బాగానే ఉంటాయి. కానీ ఇంకా ఇల్లు సర్దుకోని సంసారంలా ఉంటాయి. మొదటిదాంట్లో బీటిల్స్, బర్డ్స్ పాటలు వీళ్ళు మళ్ళీ వాయించారు. రెండోదాంట్లోనూ వేరేవాళ్ళ పాటలున్నాయి. 1970లో గిటారిస్ట్ పీటర్ బ్యాంక్స్ పోయి స్టీవ్ హౌ వచ్చాడు. చాలామంది రాక్ గిటారిస్టులు బ్లూస్ పట్టుకుని వేలాడుతున్న రోజుల్లో ఇతని చేతిలో కంట్రీ, జాజ్, క్లాసికల్ అన్నీ ఉన్నాయి. 1971 నాటి 'ది యెస్ ఆల్బమ్'లో అన్నీ సొంత పాటలే. మధ్యలో హౌ ఒక్కడే అకౌస్టిక్ గిటార్ పట్టుకుని వాయించిన ముక్క కూడా ఒకటుంది. అదే ఏడాది కీబోర్డ్ దగ్గర టోనీ కే స్థానంలో రిక్ వేక్‌మన్ వచ్చాడు. కే‌కి హామండ్ ఆర్గన్ ఉంటే చాలు. మూగ్ సింథసైజర్, మెలోట్రాన్ లాంటి కొత్త వాయిద్యాల మీద పెద్దగా మోజు లేదు. వేక్‌మన్‌కి చుట్టూ ఎన్ని కీబోర్డులు పేర్చినా చాలవు.

'రౌండబౌట్' రాసింది ఆండర్సన్, హౌ. అంటే మీమ్‌లో మనం వినే ఆ గిటార్ తర్వాత చేరినవాడిది. పాట మధ్యలో ఉరకలేసే కీబోర్డ్ ఇంకా తర్వాత చేరినవాడిది. 'అసలు లైనప్' అలాగే ఉండిపోయి ఉంటే ఆ పాటే ఉండేది కాదు.

1972లో 'క్లోజ్ టు ది ఎడ్జ్' వచ్చింది. మొత్తం మూడే పాటలు. టైటిల్ పాట 18 నిమిషాల పైన, ఒక వైపంతా అదే. హెర్మన్ హెస్ రాసిన 'సిద్ధార్థ' నవల దానికి ప్రేరణ. ముక్కలు ముక్కలుగా వాయించి, టేపులు కోసి అతికించి కట్టిన పాట అది. వింటుంటే ఎక్కడా అతుకు తెలియదు. చాలామంది లెక్కలో వాళ్ళ శిఖరం ఇదే. ఆ ఆల్బమ్ ఇంకా షాపుల్లోకి రాకముందే డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ వెళ్ళిపోయి కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో బ్యాండ్‌లో చేరాడు. ఇక్కడ తను కొత్తగా నేర్చుకునేది అయిపోయిందనిపించింది అతనికి. అతని చోట అలన్ వైట్ వచ్చాడు. జాన్ లెనన్ 'ఇమాజిన్'కి డ్రమ్స్ వాయించినవాడు. టూర్ మొదలవడానికి కొద్ది రోజులే ఉంది. బ్రూఫర్డ్ దెబ్బ తేలిగ్గా, జాజ్ లెక్కలతో, ఎక్కడ పడుతుందో తెలియకుండా ఉండేది. వైట్‌ది బరువైన రాక్ దెబ్బ. అదే పాటలు 1973 లైవ్ ఆల్బమ్ 'యెస్‌సాంగ్స్'లో వినండి, నేల అదిరినట్టుంటుంది. వైట్‌ని ఎవరూ బ్రూఫర్డ్‌లా వాయించమనలేదు. 2022లో చనిపోయేదాకా, దాదాపు యాభై ఏళ్ళు, అతను ఆ బ్యాండ్‌లోనే ఉన్నాడు.

తర్వాతి కథ మనకి కాస్త దగ్గరిది. 1973లో బ్రూఫర్డ్ పెళ్ళి విందులో, కింగ్ క్రిమ్సన్‌లో పెర్కషన్ వాయించే జేమీ మ్యూర్ ఆండర్సన్‌కి ఒక పుస్తకం గురించి చెప్పాడు. అది పరమహంస యోగానంద రాసిన 'ఒక యోగి ఆత్మకథ'. అందులో ఒక పేజీ అడుగున, శాస్త్రాలు నాలుగు రకాలని ఒక ఫుట్‌నోట్ ఉంది: శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం. మనం పరీక్ష రోజు కూడా ఫుట్‌నోట్ చదవం. ఆండర్సన్ ఆ ఒక్క ఫుట్‌నోట్ పట్టుకుని రెండు ఎల్పీలు, నాలుగు పాటలు, ఒక్కో వైపుకి ఒక్కో పాట చొప్పున సుమారు 80 నిమిషాల సంగీతం ఆలోచించాడు. అదే 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'.

వేక్‌మన్‌కి ఈ ఆల్బమ్ అస్సలు నచ్చలేదు. తనకి అందులో చేయడానికి పని లేదనుకున్నాడు. మాంచెస్టర్‌లో షో జరుగుతుండగా స్టేజీ మీదే, కీబోర్డుల వెనక కూర్చుని చికెన్ కర్రీ తిన్నానని తనే నవ్వుతూ చెప్తుంటాడు. జనం దీన్ని జోక్‌లా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇది సీరియస్ విషయంలానే కనిపిస్తుంది. బ్యాండ్‌లో ఒక మనిషికి చోటు లేకుండా పోతే అతను స్టేజీ మీద ఉన్నా లేనట్టే. 1974లో వేక్‌మన్ వెళ్ళిపోయాడు. వచ్చిన స్విట్జర్లాండ్ కీబోర్డిస్ట్ పాట్రిక్ మొరాజ్ జాజ్ ఫ్యూజన్ తెచ్చాడు. టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి' ప్రేరణతో 22 నిమిషాల యుద్ధం పాట ఉన్న 'రిలేయర్' ఆ ఏడాదే వచ్చింది. వాళ్ళ ఆల్బమ్‌లన్నిటిలో ఎక్కువ మొరటుదీ, ఎక్కువ ధైర్యం ఉన్నదీ నా దృష్టిలో అదే. తర్వాత వేక్‌మన్ తిరిగొచ్చి 1977లో 'గోయింగ్ ఫర్ ది వన్' చేశాడు. అందులో 'అవేకెన్' పాట కోసం స్విట్జర్లాండ్‌లో వెవే అనే ఊరి చర్చిలో ఆర్గన్ వాయిస్తే, ఆ ధ్వనిని టెలిఫోన్ లైన్ల మీద మాంత్రోలోని స్టూడియోకి పంపి రికార్డ్ చేశారు. ఈసీఈ మిత్రులు గమనించగలరు.

ఇప్పుడు అసలు పరీక్ష. 1980లో వేక్‌మన్‌తో పాటు ఆండర్సన్ కూడా వెళ్ళిపోయాడు. గొంతే పోయింది. మిగిలిన ముగ్గురూ ఏం చేశారు? ఆండర్సన్‌లా పాడేవాడి కోసం వెతుక్కోకుండా, బగుల్స్ అనే పాప్ జంటని పిలుచుకొచ్చారు. ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్. 'వీడియో కిల్డ్ ది రేడియో స్టార్' వీళ్ళదే, 1981లో ఎంటీవీ మొదలైనప్పుడు మొట్టమొదట వేసిన వీడియో అది. కర్ణాటక కచేరీకి డీజేని పిలిచినట్టు అనుకోండి. అలా వచ్చిన 'డ్రామా' ఆల్బమ్ బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్ళింది. బేస్ గిటార్ ముందుకొచ్చింది, గిటార్ గట్టిపడింది, కీబోర్డుల్లో ఎనభైల మెరుపు కనిపించింది. స్టేజీ మీద ఆండర్సన్ ఎత్తు శ్రుతి పాటలు రోజూ పాడలేక హార్న్ ఇబ్బంది పడ్డ మాట నిజమే. అంటే ఏమిటి? తన పాట పాడినప్పుడు నిలబడ్డాడు, ఇంకొకరిలా పాడమన్నప్పుడు తడబడ్డాడు.

టూర్ తర్వాత బ్యాండ్ ముక్కలైంది. స్క్వైర్, వైట్ కలిసి దక్షిణాఫ్రికా గిటారిస్ట్ ట్రెవర్ రేబిన్‌తో 'సినిమా' అనే కొత్త బ్యాండ్ పెట్టారు. పాటలు చాలావరకు రేబిన్‌వే. టోనీ కే తిరిగొచ్చాడు. చివర్లో ఆండర్సన్ వచ్చి పాడాడు, దాంతో పేరు మళ్ళీ యెస్ అయింది. 1983 నాటి ఆ ఆల్బమ్ పేరు '90125'. పేరేం పెట్టాలో తోచక కేటలాగ్ నంబరే పెట్టేశారు. 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్' 1984 జనవరిలో అమెరికాలో నంబర్ వన్ అయింది. వాళ్ళకి అక్కడ దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ అది. నిర్మాత ఎవరనుకున్నారు? అదే ట్రెవర్ హార్న్. గాయకుడిగా నెగ్గుకురాలేనివాడు కుర్చీ మార్చుకుని కూర్చోగానే వాళ్ళ చరిత్రలో ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్ ఇచ్చాడు. డెబ్బైల ఫ్యాన్స్ కొందరు దీన్ని ఇప్పటికీ యెస్‌గా ఒప్పుకోరు. 'క్లోజ్ టు ది ఎడ్జ్' లాంటిది ఇంకోటి కావాలనుకునేవాళ్ళకి ఇది నచ్చదు, సరే. కానీ పదేళ్ళ తర్వాత కూడా అదే చేయమనడం ఏ కళాకారుడికైనా శిక్షే.

దీనికి తలకిందులైన ఉదాహరణ 1991 నాటి 'యూనియన్'. అప్పటికి రెండు ముఠాలున్నాయి. ఆండర్సన్, బ్రూఫర్డ్, వేక్‌మన్, హౌ కలిసి 1989లో ఒక ఆల్బమ్ చేశారు. యెస్ అన్న పేరు స్క్వైర్ వైపు ఉండిపోవడంతో తమ నలుగురి ఇంటిపేర్లే బ్యాండ్ పేరుగా పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత రెండు ముఠాల పాటలూ కలిపి ఒకే ఆల్బమ్‌గా కుట్టేశారు. ఆండర్సన్, స్క్వైర్, హౌ, వేక్‌మన్, బ్రూఫర్డ్, వైట్, కే, రేబిన్ - ఎనిమిది మంది. ఫ్యాన్స్ గొడవ ప్రకారమైతే ఇంతకన్నా అసలైన యెస్ ఉండదు. కానీ ఎనిమిది మందీ కలిసి వాయించిన పాట అందులో ఒక్కటి లేదు. బయటి వాద్యకారులు వచ్చి నింపిన చోట్లు బోలెడు. విన్నప్పుడల్లా ఏడుపొస్తుందని వేక్‌మన్ దానికి 'ఆనియన్' అని పేరు పెట్టాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారే, అదే.

ఆండర్సన్ లేని 'డ్రామా' యెస్‌లా వినిపిస్తుంది. అందరూ ఉన్న 'యూనియన్' వినిపించదు. తలలు లెక్కపెట్టే పద్ధతి ఇక్కడే వీగిపోతుంది. 2001లో కీబోర్డ్ వాయించేవాడు లేనప్పుడు ఇంకో వేక్‌మన్ కోసం వెతక్కుండా ఏకంగా ఆర్కెస్ట్రానే పిలిచి 'మాగ్నిఫికేషన్' చేశారు. ఖాళీ కుర్చీని కొత్త అవకాశంగా చూడటమంటే అది. ఆ బుద్ధి తర్వాత తగ్గిపోయిందనేదే నా ఫిర్యాదు.

2008లో ఆండర్సన్ ఆరోగ్యం దెబ్బతింది. ఈసారి బ్యాండ్ ఎవరిని తెచ్చింది? కెనడాలో యెస్ పాటలే పాడే ట్రిబ్యూట్ బ్యాండ్ నుంచి బెన్వా డేవిడ్‌ని. అతని తర్వాత 2012లో వచ్చిన జాన్ డేవిసన్ కూడా ఒకప్పుడు యెస్ ట్రిబ్యూట్ బ్యాండ్‌లో పాడినవాడే. ఇద్దరూ మంచి గాయకులు, తప్పు వాళ్ళది కాదు. ఎంపిక చేసిన కొలత గురించే నా మాట. 2011 నాటి 'ఫ్లై ఫ్రమ్ హియర్'లో డేవిడ్ పాడాడు. 2018లో అదే ఆల్బమ్‌ని హార్న్ గొంతుతో మళ్ళీ విడుదల చేశారు. ఒక మనిషి పాడిన ఆల్బమ్ మీంచి అతని గొంతు తుడిచి ఇంకొకరి గొంతు అతికించడం, నిజంగానే పలక మార్చినట్టు!

నా వాదనకి అడ్డొచ్చే విషయం ఒకటుంది, దాన్ని దాటేయను. 2014 నాటి 'హెవెన్ అండ్ ఎర్త్'లో దాదాపు అన్ని పాటల రచనలోనూ డేవిసన్ చేయి ఉంది. అంటే అతనికి చోటిచ్చారు. అయినా ఆ ఆల్బమ్ చప్పగా ఉంటుంది. ఎందుకు? యెస్ వింటూ పెరిగి, యెస్ పాడుతూ ఎదిగినవాడు యెస్‌కి మళ్ళీ యెస్‌నే తెచ్చిస్తాడు. ఇది మేనరికం లాంటిది. ఆస్తి బయటికి పోదు, ఆచారం చెడదు, కానీ కొత్త రక్తం రాదు. 'హార్న్ కూడా యెస్ ఫ్యానే కదా' అని మీరడగొచ్చు. నిజమే, కానీ అతను బగుల్స్ అనే వేరే వంటింట్లో వేరే వంట నేర్చుకుని వచ్చాడు. హౌ, వేక్‌మన్, మొరాజ్, రేబిన్ - అందరూ చేతిలో ఏదో ఒకటి పట్టుకునే గడప తొక్కారు.

2015లో స్క్వైర్ లుకేమియాతో చనిపోయాడు. అప్పటిదాకా వచ్చిన ప్రతి స్టూడియో ఆల్బమ్‌లోనూ ఉన్న ఏకైక మనిషి అతను. తన చోట బిల్లీ షెర్వుడ్‌ని తీసుకోమని తనే చెప్పి వెళ్ళాడు. 2017లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో యెస్‌కి చోటు దక్కింది. అప్పటికి మళ్ళీ ఒక ఒరలో రెండు కత్తులు. హౌ, వైట్‌ల యెస్ ఒకటి. ఆండర్సన్, రేబిన్, వేక్‌మన్‌లు తిప్పుతున్న బ్యాండ్ ఇంకొకటి. ఆ రాత్రి రెండూ ఒకే స్టేజీ ఎక్కాయి. 'రౌండబౌట్'కి స్క్వైర్ లేని లోటున రష్ బ్యాండ్ గెడ్డీ లీ బేస్ వాయించాడు. 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్'కి స్టీవ్ హౌ గిటార్ పక్కన పెట్టి బేస్ అందుకున్నాడు. తను లేని ఆల్బమ్‌లోని పాట, తనది కాని వాయిద్యం. ఆ వీడియో దొరికితే చూడండి. ఎవరు అసలు, ఎవరు నకిలీ అన్న ప్రశ్న ఆ కాసేపు ఎవరికీ గుర్తురాదు.

స్క్వైర్ లేకుండా 'ది క్వెస్ట్' (2021), 'మిర్రర్ టు ది స్కై' (2023) వచ్చాయి. రెండింటికీ నిర్మాత హౌ. మొదటిది జాగ్రత్తగా, మెల్లగా అడుగులేస్తుంది. రెండోదాని టైటిల్ పాట సుమారు 14 నిమిషాలు. అందులో అక్కడక్కడా పాత తెగువ కనిపించింది నాకు. మరోవైపు 2013 నుంచి పాత ఆల్బమ్‌లని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వాయించే టూర్లు సాగుతూ వచ్చాయి. టికెట్ కొన్నవాళ్ళు పాత పాటలే అడుగుతారు, కాదనలేం. పాత పాటలు బతికుండటానికి ఎవరో ఒకరు వాయించాలి కూడా. కాకపోతే ఆ పాటలు పుట్టిందే వాయించేవాళ్ళు మారడం వల్ల, మారినవాళ్ళు పాత పద్ధతిని లెక్కచేయకపోవడం వల్ల. యాభై ఏళ్ళ తర్వాత వాటిని అచ్చుగుద్దినట్టు వాయించడం గౌరవమే. అయితే ఆ పాటల స్వభావానికి మాత్రం అది విరుద్ధం.

ఇదంతా తెలుగు క్లబ్ పత్రికలో ఎందుకంటారా? మన క్లబ్ లైనప్ యెస్ కన్నా వేగంగా మారుతుంది. నాలుగేళ్ళు తిరిగేసరికి మొదటి రోజు ఉన్నవాళ్ళు ఒక్కరూ ఉండరు. ప్రతి ఆగస్టులో ఫస్టియర్ వాళ్ళని పిలిచి మనం అడిగే ప్రశ్న ఒకటుంది: "పోయినేడు వెళ్ళిపోయిన అన్నలా పద్యాలు రాసేవాళ్ళెవరు? ఆ అక్కలా యాంకరింగ్ చేసేవాళ్ళెవరు?" ఆ ప్రశ్నకి దొరికేది ట్రిబ్యూట్ బ్యాండే. పద్యం రాకపోయినా ర్యాప్ రాసేవాడు, వ్యాసం రాయకపోయినా బొమ్మల కథ గీసే అమ్మాయి ఆ ప్రశ్న వినగానే తలుపు దగ్గర్నించే వెనక్కి తిరుగుతారు. "నీకేం వచ్చు?" అని అడిగితే కనీసం లోపలికొస్తారు. వాళ్ళ వల్ల పత్రిక మనకి అలవాటైనట్టు ఉండకపోవచ్చు. సీనియర్లు చదివి 'మా రోజుల్లో ఇలా లేదు' అనొచ్చు. అననివ్వండి.

ఇక వినాలనుకునేవాళ్ళకి నా సలహా. 'ఫ్రాజైల్'తో మొదలుపెట్టండి, పాట మీకు సగం తెలుసు కాబట్టి. తర్వాత 'క్లోజ్ టు ది ఎడ్జ్', ఫోన్ పక్కన పెట్టి, ఒకే కూర్చుడులో. ఆ తర్వాత సరాసరి 'డ్రామా'కి దూకండి. గాయకుడు మారాడని ముందే తెలుసు కాబట్టి ఆ సంగతి వదిలేసి బేస్ మీద చెవి పెట్టండి. మూడూ విన్నాక కూడా ఇందులో ఏది అసలు యెస్ అన్న అనుమానం మిగిలితే క్లబ్ రూమ్‌కి రండి, వాదించుకుందాం.